ఆ ఏడు శాతం ఎక్కడ తగ్గింది?

ఐరోపా సమాఖ్యలో ఒక షేర్ల సూచీకి ‘పారిస్ ఒప్పందానికి అనుగుణం’ అన్న ముద్ర వేసి అమ్మాలంటే చట్టం ముందు రెండు అంకెలు తేలాలి. ఏ మార్కెట్ నుంచి కంపెనీలను ఏరుకున్నారో ఆ మొత్తం మార్కెట్‌తో పోలిస్తే సూచీ ఉద్గార తీవ్రత (కంపెనీ విలువలో ప్రతి పది లక్షల యూరోలకు వెలువడే పొగ ఎన్ని టన్నులో ఆ లెక్క) కనీసం 50 శాతం తక్కువగా ఉండాలి. అక్కణ్నుంచి ఏటా సగటున కనీసం 7 శాతం చొప్పున దిగుతూ పోవాలి. మొదటి అంకెతో నాకు పేచీ లేదు. పేచీ అంతా రెండోదానితోనే.

7 శాతం తగ్గిందని నిర్వాహక సంస్థ ప్రకటిస్తే, ఈ సూచీలో ఉన్న కంపెనీల పొగ ఏడు శాతం తగ్గిందని చదివినవారు అనుకుంటారు. చట్టం ఆ మాట అనలేదు. సూచీ అనే బుట్ట సగటు తీవ్రత తగ్గితే చాలంది. బుట్ట సగటు తగ్గడానికి దారులు నాలుగున్నాయి. కంపెనీలు నిజంగా తక్కువ పొగ వదలవచ్చు. వాటి మార్కెట్ విలువ పెరగవచ్చు. నిర్వాహకులు వెయిటేజీలు, అంటే బుట్టలో ఒక్కో కంపెనీకి ఇచ్చే వాటాలు, మార్చవచ్చు. ఉద్గారాలను అంచనా కట్టే పద్ధతే మారిపోవచ్చు. వాతావరణానికి వీటిలో మొదటిది ఒక్కటే లెక్క. నాలుగింటినీ విడగొట్టి ఏటా చూపించమని చట్టం అడగాలన్నదే నా వాదన. ఇప్పుడు అడగడం లేదు. దాని వల్ల నష్టం ఎలా జరుగుతుందో లెక్కలతోనే చూద్దాం.

చట్టంలో ఏముంది

సూచీలు, వడ్డీ రేట్ల లాంటి ఆర్థిక కొలమానాలను, అంటే బెంచ్‌మార్క్‌లను, అదుపు చేసే మూలచట్టం 2016/1011. అది లైబార్ (లండన్‌లో బ్యాంకుల మధ్య అప్పుల వడ్డీ రేటు) కుంభకోణం తర్వాత పుట్టింది. అప్పట్లో బ్యాంకులు రోజూ ‘మాకు ఈ వడ్డీకి అప్పు దొరకవచ్చు’ అంటూ తమ అంచనాలు పంపేవి. నిజంగా జరిగిన లావాదేవీలు కాకుండా ఆ అంచనాల సగటే ప్రపంచమంతటా రుణాలకు ఆధారమయ్యేది. డబ్బు వేలాడుతున్న అంచనా డబ్బు వైపే ఒరుగుతుందని 2012లో లోకానికి తెలిసింది. అందుకే బెంచ్‌మార్క్‌లోకి వెళ్ళే సమాచారం సరిపడా ఉండాలని, సరిచూసుకునే వీలుండాలని ఆ చట్టం పట్టుబట్టింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే రావాలి.

2019 నవంబరు 27న వచ్చిన 2019/2089 సవరణతో ఆ చట్టంలోకి రెండు వాతావరణ ముద్రలు చేరాయి. ఒకటి పరివర్తన బెంచ్‌మార్క్, రెండోది పారిస్ బెంచ్‌మార్క్. కనీస ప్రమాణాలను 2020 జులై 17 నాటి 2020/1818 నియమావళి ఖరారు చేసింది. పరివర్తన సూచీ మూలమార్కెట్ కంటే 30 శాతం తక్కువ తీవ్రతతో మొదలైతే చాలు. పారిస్ సూచీ 50 శాతం తక్కువతో మొదలవ్వాలి. ఏటా 7 శాతం దిగడం రెండింటికీ తప్పదు.

ఈ దిగడం చక్రవడ్డీ లాంటిది. మార్కెట్ తీవ్రత 100 అనుకుంటే పారిస్ సూచీ 50 దగ్గర మొదలై మరుసటి ఏడు 46.5, ఆపై 43.2, పదేళ్ళకు సుమారు 24.2 అవుతుంది. పరివర్తన సూచీ 70తో మొదలై పదేళ్ళకు 33.9కి చేరుతుంది. ఒక ఏడాది లక్ష్యం తప్పితే మరుసటి ఏడాది ఆ లోటు కూడా పూడ్చాలి. పూడ్చకపోతే ముద్ర పోతుంది. పూడ్చినా సరే, వరుస పదేళ్ళలో మూడుసార్లు తప్పితే పోతుంది. 7 అన్న అంకె ఊరికే పుట్టలేదు. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపడానికి, ఆ గీత దాటకుండా లేదా కొద్దిగా మాత్రమే దాటి ఆపడానికి ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ చూపిన మార్గాల నుంచి తీసుకున్నది.

పారిస్ ముద్రకు నిషేధాలు కూడా ఉన్నాయి. వివాదాస్పద ఆయుధాలు, పొగాకు సాగు, తయారీ కుదరవు. కంపెనీల నడవడికపై ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ సూత్రాలను, సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ మార్గదర్శకాలను ఉల్లంఘించిన కంపెనీలు పనికిరావు. ఆదాయంలో 1 శాతం బొగ్గు నుంచి వచ్చినా, 10 శాతం చమురు ఇంధనాల నుంచి వచ్చినా, 50 శాతం గ్యాస్ నుంచి వచ్చినా ఆ కంపెనీ బయటకే. కిలోవాట్ అవర్‌కు 100 గ్రాములకు మించి ఉద్గారం వచ్చే విద్యుత్తు నుంచి సగం ఆదాయం వచ్చినా అంతే. ఈ గీతలు స్పష్టంగా ఉన్నాయి, సరిచూడటం తేలిక. అందుకే ఐరోపా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా వీటిని సూచీల గడప దాటించింది. పేరులో పర్యావరణం, సుస్థిరత లాంటి మాటలు పెట్టుకునే ఫండ్లన్నీ పారిస్ నిషేధాలు పాటించాలని 2024 మే నెలలో మార్గదర్శకాలు ఇచ్చింది. పాత ఫండ్లకు 2025 మే 21 నుంచి అవి వర్తిస్తున్నాయి. పరివర్తన అన్న పేరు పెట్టుకున్నవాటికి మొదటి మూడు నిషేధాలు సరిపోతాయి. ఈ చట్టం మొత్తంలో బాగా పనిచేస్తున్న భాగం ఇదేనని నా అభిప్రాయం. ‘ఉండకూడదు’ అన్న నియమానికి విభాజకం, అంటే కింద పెట్టి భాగించే అంకె, ఉండదు. ‘తగ్గాలి’ అన్న నియమానికి ఉంటుంది. తంటా అక్కడే.

విభాజకంలో దాగిన షేరు ధర

ఉద్గార తీవ్రత అంటే కంపెనీ వదిలిన టన్నులను దాని మొత్తం విలువతో భాగిస్తే వచ్చేది. ఈ విలువను ఈవీఐసీ అంటారు. ఆర్థిక సంవత్సరం చివర సాధారణ షేర్ల మార్కెట్ విలువ, ప్రిఫరెన్స్ షేర్ల మార్కెట్ విలువ, ఖాతాల్లో ఉన్న మొత్తం అప్పు, మైనారిటీ వాటాలు అన్నీ కలిపితే ఈవీఐసీ. చేతిలో ఉన్న నగదును తీసివేయరు. ఈ మొత్తంలో పెద్ద భాగం షేరు ధరే. అంటే కంపెనీ ఒక్క టన్ను కూడా తగ్గించకుండా దాని షేరు పెరిగితే తీవ్రత తగ్గుతుంది.

చట్టం రాసినవారికి ఇది తెలియక కాదు. అందుకే ఒక సర్దుబాటు పెట్టారు. సూచీలోని కంపెనీల సగటు ఈవీఐసీ ఏడాదిలో ఎంత పెరిగిందో చూసి, ప్రతి కంపెనీ విలువనూ ఆ నిష్పత్తితో భాగించాలి. మార్కెట్ అంతా 25 శాతం పెరిగితే అందరి విలువా 1.25తో భాగిస్తారు, బుడగ గాలి పోతుంది. మంచి ఆలోచనే. కానీ ఎక్కడ కారుతుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

రెండే కంపెనీలున్న సూచీ అనుకుందాం. ఒకటి సిమెంటు కంపెనీ, ఏటా 40 లక్షల టన్నులు వదులుతుంది. రెండోది మందుల కంపెనీ, లక్ష టన్నులు వదులుతుంది. రెండింటి విలువా చెరి 2,000 కోట్ల యూరోలు. పది లక్షల యూరోలకు సిమెంటు తీవ్రత 200 టన్నులు, మందులది 5 టన్నులు. చెరిసగం వెయిటేజి పెడితే సూచీ తీవ్రత 102.5.

ఇప్పుడు ఉద్గారాలు ఏ మాత్రం మారలేదు. సిమెంటు కంపెనీ విలువ మాత్రం 2,500 కోట్లకు పెరిగింది, మందుల కంపెనీది అక్కడే ఉంది. సగటు విలువ 2,250 కోట్లు, సర్దుబాటు గుణకం 1.125. దాంతో భాగించాక సిమెంటు తీవ్రత 180కి దిగుతుంది, మందులది 5.625కి పెరుగుతుంది. చెరిసగం వెయిటేజితో సూచీ తీవ్రత 92.8. అంటే 9.5 శాతం తగ్గుదల. ఒక్క గ్రాము తగ్గకుండా ఏడాది లక్ష్యం నెరవేరి, ఇంకా మిగిలింది కూడా.

ఇక్కడ అసలు మర్మం చూడండి. ఇదే సూచీలో వెయిటేజీలను విలువను బట్టి వదిలేసి ఉంటే, సిమెంటు వాటా 55.6 శాతానికి పెరిగి ఉండేది. అప్పుడు సూచీ తీవ్రత కట్టితే మళ్ళీ సరిగ్గా 102.5 వస్తుంది. అంటే కంపెనీలను వాటి విలువకు అనుపాతంలో పట్టుకున్న సూచీకి ఈ సర్దుబాటు నిక్కచ్చిగా పనిచేస్తుంది. అలా పట్టుకోకపోవడమే వాతావరణ సూచీ లక్షణం. పొగ ఎక్కువున్నవాటిని తగ్గించి, తక్కువున్నవాటిని పెంచి, ఒక్కో కంపెనీకి పరిమితులు పెట్టి కంప్యూటరు వెయిటేజీలు తేలుస్తుంది. ఎవరి కోసం సర్దుబాటు రాశారో వారి దగ్గరే అది కారుతుంది. పైగా ఇది రెండు వైపులా కోసే కత్తి. ఉక్కు, సిమెంటు షేర్లు మార్కెట్ కంటే ఎక్కువ పడిపోయిన ఏడాది, అవి నిజంగా ఉద్గారాలు తగ్గించుకున్నా తీవ్రత పెరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు సూచీ వాటిని ఇంకా అమ్ముకోవాల్సి వస్తుంది. మారుతున్న కంపెనీ చేతిలోంచి పెట్టుబడి జారిపోయేది సరిగ్గా దానికి డబ్బు కావలసిన వేళ.

తక్కెడలో బరువు జరపడం

మూడో దారి వెయిటేజి. అదే పాత సూచీలో, విలువలూ ఉద్గారాలూ ఏమీ మారలేదనుకుందాం. సిమెంటు వాటాను 50 నుంచి 46.3 శాతానికి తగ్గించి మందుల వాటాను 53.7కి పెంచితే చాలు, సూచీ తీవ్రత 95.3కి దిగుతుంది. ఏడాది కోటా 7 శాతం పూర్తి. మూడు ముప్పావు పాయింట్ల బరువు ఒక తట్టలోంచి ఇంకో తట్టలోకి జరిగింది, అంతే.

దీనికి కూడా చట్టంలో ఒక అడ్డుకట్ట ఉంది. వాతావరణంపై ఎక్కువ ప్రభావం చూపే రంగాల మొత్తం వాటా మూలమార్కెట్‌లో ఉన్నదానికంటే తగ్గకూడదు. లేకపోతే ఫ్యాక్టరీలన్నీ అమ్మేసి సాఫ్ట్‌వేర్, బ్యాంకు షేర్లు నింపుకుని పారిస్ సూచీ అనవచ్చు కదా. ఉద్దేశం సరైనదే. కానీ ఆ రంగాలను నేస్ అనే ఐరోపా పరిశ్రమల వర్గీకరణలోని ఏ నుంచి హెచ్ వరకూ, ఎల్ కూడా కలిపి నిర్వచించారు. వ్యవసాయం, గనులు, తయారీ, విద్యుత్తు, నీరు, నిర్మాణం, వాణిజ్యం, రవాణా, స్థిరాస్తి అన్నీ ఒకే కట్టలో ఉన్నాయి. తయారీ అంటే సీ విభాగం మొత్తం. అందులో 23వ ఉపవిభాగం సిమెంటు, 24 లోహాలు, 21 మందులు, 26 చిప్పులు, ఎలక్ట్రానిక్స్. చట్టం కళ్ళకు సిమెంటు బట్టీ, మాత్రల ఫ్యాక్టరీ ఒకటే. పైన లెక్కలో సిమెంటు పక్కన సాఫ్ట్‌వేర్ కాకుండా మందుల కంపెనీని పెట్టింది ఇందుకే. అడ్డుకట్టకు చిన్న గీత కూడా పడకుండా బరువు అటు నుంచి ఇటు జరుగుతుంది.

దీన్ని రెండు అంకెల ఉపవిభాగం స్థాయికి దించడం కష్టమేమీ కాదు. ఎందుకంటే ఐరోపా చట్టమే మరోచోట ఆ స్థాయి వాడుకుంటోంది. 2020/1816 నియమావళి ప్రకారం బెంచ్‌మార్క్ ప్రకటనలో 05 నుంచి 09 వరకు, 19, 20 ఉపవిభాగాల కంపెనీలకు సూచీ ఎంత మేరకు గురై ఉందో విడిగా చెప్పాలి. అవి గనులు, చమురు శుద్ధి, రసాయనాలు. చెప్పమని అడిగేటప్పుడు ఉన్న సూక్ష్మం, కట్టడి చేసేటప్పుడు లేకుండా పోయింది.

ఇంకో చిల్లు గురించి ఒక్క మాట. బొగ్గు గనిని లిస్టెడ్ కంపెనీ ఒక ప్రైవేటు సంస్థకు అమ్మేస్తే ఆ గని ఉద్గారాలు సూచీలోంచి మాయమవుతాయి. గనిలో తవ్వకం ఆగదు. చట్టపరంగా ఇందులో తప్పు లేదు, కానీ తగ్గుదల పట్టీలో ఇదీ కోతగానే నమోదవుతుంది.

స్కోప్ 3: అంచనాల రాజ్యం

కంపెనీ తన బాయిలర్లలో, బళ్ళలో కాల్చేది స్కోప్ 1. కొన్న కరెంటు వెనక ఉన్న పొగ స్కోప్ 2. సరఫరాదారుల దగ్గర పుట్టేది, అమ్మిన సరుకు వాడకంలో పుట్టేది, ఇంకా మిగతాదంతా స్కోప్ 3. ఉద్గారాలు లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం జీహెచ్‌జీ ప్రోటోకాల్ దాన్ని 15 తరగతులుగా విడగొట్టింది. కార్ల కంపెనీకి 11వ తరగతి, అంటే అమ్మిన కార్లు కాల్చే పెట్రోలు, మిగతా అన్నిటినీ మింగేస్తుంది. బ్యాంకుకు 15వ తరగతి, ఇచ్చిన అప్పుల వెనక ఉన్న ఉద్గారాలు.

వాతావరణ సూచీల్లో స్కోప్ 3ని దశలవారీగా కలిపారు. ఇంధన, గనుల రంగాలకు 2020 డిసెంబరు 23 నుంచే కలపాలన్నారు. రవాణా, నిర్మాణం, భవనాలు, ముడిపదార్థాలు, పరిశ్రమలకు రెండేళ్ళ గడువు, మిగిలిన రంగాలన్నిటికీ నాలుగేళ్ళు. అంటే 2024 డిసెంబరు తర్వాత అన్ని రంగాల స్కోప్ 3 కూడా లెక్కలోకి వచ్చేసింది. సూత్రప్రాయంగా ఇది సరైన అడుగే. స్కోప్ 3 లేకపోతే చమురు కంపెనీ కూడా శుభ్రంగానే కనిపిస్తుంది. గొడవంతా సమాచారంతో.

కంపెనీ తన స్కోప్ 3 చెప్పకపోతే సమాచారం అమ్మే సంస్థలు అంచనా కడతాయి. మామూలు పద్ధతి ఏమిటంటే, ఆ రంగంలో ఒక యూరో ఆదాయానికి సగటున ఎంత ఉద్గారమో చూసి, కంపెనీ ఆదాయంతో గుణిస్తారు. ఆ టన్నులను తీసుకెళ్ళి ఈవీఐసీతో భాగిస్తారు. ఏం మిగిలిందో చూడండి. రంగం సగటు అన్న స్థిరాంకం, దాని పక్కన ఆదాయం బై విలువ. షేర్ మార్కెట్‌తో పరిచయం ఉన్నవారు దీన్ని వెంటనే గుర్తుపడతారు. ధరకూ అమ్మకాలకూ ఉండే నిష్పత్తి తలకిందులైతే వచ్చేది ఇదే. ఒకే రంగంలో అంచనా మీద ఆధారపడ్డ రెండు కంపెనీల్లో ఏది ‘పచ్చనిదో’ తేల్చేది వాటి పొగ కాదు, వాటిలో ఏ షేరు ఖరీదైనదో అన్న సంగతి. వాతావరణ సూచీ అని పేరు పెట్టి, ఖరీదైన షేర్ల వైపు మొగ్గే సూచీని అమ్ముతున్నామేమో ఎవరూ సరిచూడటం లేదు.

అంచనాకు ఇంకో పాడు గుణం ఉంది. సగటు కంటే శుభ్రంగా ఉన్న కంపెనీకి సగటే అంటగడుతుంది, మురికిగా ఉన్నదాన్ని సగటు చాటున దాస్తుంది. మురికిగా ఉన్న కంపెనీకి నోరు మూసుకుని ఉండటమే లాభం. యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీ నిజాయతీగా 11వ తరగతిని మొదటిసారి లెక్కగట్టి ప్రకటించిందనుకోండి. దాని అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది, సూచీలో వెయిటేజి పడిపోతుంది. నిజం చెప్పినందుకు పడ్డ జరిమానా అది. లెక్కగట్టే పద్ధతి గణనీయంగా మారితే నిర్వాహకులు కొత్త ఆధార సంవత్సరం ఎంచుకోవాలని చట్టం అంటుంది. అది అవసరమే. కానీ ఆధార సంవత్సరం మారిన ప్రతిసారీ వెనకటి మెట్లు చెరిగిపోతాయి. పదేళ్ళ నిచ్చెన మొదటి మెట్టు నుంచి కనబడదు.

ఆలస్యం సంగతి సరేసరి. 2023లో వెలువడిన పొగ 2024 మధ్యలో నివేదికలోకి ఎక్కుతుంది. సమాచార సంస్థల పట్టికల్లోకి ఆ ఏడాది చివరికి చేరుతుంది. 2025లో సూచీ బరువులు మార్చేటప్పుడు వాడేది దాన్నే.

లైబార్ గుర్తుందా? అంచనా మీద నిలబడ్డ అంకెకు పెద్ద డబ్బు ముడిపడితే ఏమవుతుందో చూసి పుట్టిన చట్టం ఇది. అదే చట్టం గొడుగు కింద, అంచనాల వాటా ఎక్కువున్న అంకెకు దశాంశ బిందువుల కచ్చితత్వంతో ముద్ర వేస్తున్నాం. ఇక్కడ ఎవరో మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. మోసం అక్కర్లేకుండానే అంకె ఒరిగిపోతుందంటున్నాను.

వెల్లడింపుల పునాది సన్నబడుతోంది

సూచీ చట్టం పై అంతస్తు అయితే కింది అంతస్తు కంపెనీల సుస్థిరత వెల్లడింపులు. 2022/2464 ఆదేశం, అందరూ సీఎస్ఆర్‌డీ అని పిలిచేది, సుమారు 50,000 కంపెనీలను ఈ పరిధిలోకి తేవాలనుకుంది. అంతకు ముందు ఉన్నవి 11,700. స్కోప్ 1, 2, 3 స్థూల ఉద్గారాలు చెప్పమనే ప్రమాణం, ఆడిటర్ల పరిమిత హామీ అన్నీ దాని వెంట వచ్చినవే. 2025 ఫిబ్రవరి 26న యూరోపియన్ కమిషన్ ‘ఆమ్నిబస్’ ప్రతిపాదనతో వెనక్కి మళ్ళింది. దాదాపు 80 శాతం కంపెనీలను పరిధి నుంచి తప్పిస్తానంది. ఏప్రిల్‌లో గడువులు రెండేళ్ళు వాయిదా పడ్డాయి. డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం వెయ్యి మందికి పైగా ఉద్యోగులు, 45 కోట్ల యూరోలకు పైగా అమ్మకాలు, ఈ రెండూ ఉన్న కంపెనీలకే బాధ్యత మిగిలింది.

దీన్ని సమర్థించేవారికి ఒక బలమైన జవాబుంది. పెద్ద సూచీల్లో ఉండేవి ఎలాగూ పెద్ద కంపెనీలే, అవి పరిధిలోనే ఉన్నాయి కదా అంటారు. నిజమే, వాటి స్కోప్ 1, స్కోప్ 2 మనకు అందుతూనే ఉంటాయి. కానీ స్కోప్ 3 అన్నది సరఫరాదారుల దగ్గర పుడుతుంది. పరిధి దాటి బయటపడ్డ చిన్న కంపెనీలను, స్వచ్ఛంద ప్రమాణంలో ఉన్నదానికి మించి సమాచారం అడగకూడదన్న రక్షణ కూడా ఈ సంస్కరణలో భాగమే. చిన్న కంపెనీ మీద ఫారాల భారం తగ్గడం నాకూ సమ్మతమే. వారికి ఆ భారం నిజంగానే ఎక్కువ. కానీ దాని ఫలితం పై అంతస్తుకు చేరుతుంది. అసలు లెక్క రాని చోటును మళ్ళీ ఆదాయం గుణించు సగటే నింపుతుంది. కింద వెల్లడింపు తగ్గించినప్పుడు పైన 7 శాతం నియమాన్ని అక్షరం కూడా తాకకుండా ఉంచడం నాకు మింగుడుపడటం లేదు.

ఇక ఫండ్ల వెల్లడింపు చట్టం ఎస్ఎఫ్‌డీఆర్ 2021 మార్చి 10 నుంచి అమల్లో ఉంది. అందులో చదివేవారు కాలు జారే చోటొకటుంది. ఎస్ఎఫ్‌డీఆర్ పట్టికల్లో ‘ఉద్గార తీవ్రత’ అంటే పది లక్షల యూరోల అమ్మకాలకు ఎన్ని టన్నులో. సూచీ నియమావళిలో అదే మాటకు విభాజకం ఈవీఐసీ. ఎస్ఎఫ్‌డీఆర్‌లో ఈవీఐసీతో భాగించేదాన్ని ‘కార్బన్ పాదముద్ర’ అంటారు. ఒక ఫండ్ నివేదికలో తీవ్రత పెరిగి, అది అనుసరించే సూచీ ప్రకటనలో తగ్గి కనిపిస్తే ఎవరో ఒకరు అబద్ధం చెప్పినట్టు కాదు. ముందు విభాజకం చూసుకోవాలి.

ముద్రకు ఉన్న చట్టబలం కూడా చిన్నది కాదు. 2022 చివర్లో చాలా ఫండ్లు ఎస్ఎఫ్‌డీఆర్ తొమ్మిదో అధికరణ హోదా (సుస్థిర పెట్టుబడే లక్ష్యమైన ఫండ్లు) నుంచి ఎనిమిదోదానికి (పర్యావరణ లక్షణాలను ప్రోత్సహించే ఫండ్లు) దిగిపోయాయి. దాని తర్వాత, 2023 ఏప్రిల్‌లో, ఈ రెండు బెంచ్‌మార్క్‌లను యథాతథంగా అనుసరించే ఫండ్ పెట్టుబడులను సుస్థిర పెట్టుబడులుగానే భావించవచ్చని కమిషన్ వివరణ ఇచ్చింది. అంటే ఫండ్ మేనేజరు విడిగా నిరూపించాల్సిన పని తప్పింది, ఆ నమ్మకం భారమంతా సూచీ నియమావళి మీద పడింది. అంత భారం మోసే నియమం తన అంకె ఎలా వచ్చిందో కూడా చెప్పాలి కదా.

నాలుగు వరుసల పట్టిక

నేను అడిగేది కొత్త నిఘా వ్యవస్థ కాదు. నిర్వాహకుల దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారంతో నాలుగుసార్లు తిరగవేసే లెక్క.

నిరుటి బుట్ట తీసుకోండి. మొదట, వెనకటి ఏడాది అంకెలనే కొత్త పద్ధతితో, కొత్తగా వెల్లడైన తరగతులతో మళ్ళీ కట్టండి. మారినంత మేర పద్ధతి వల్ల వచ్చిన మార్పు. తర్వాత ఉద్గారాలను మాత్రం ఈ ఏటివి పెట్టండి. ఇది అసలు కోత. మూడోసారి సర్దుబాటు చేసిన ఈవీఐసీ మార్చండి. చివరగా వెయిటేజీలు, కొత్తగా చేరినవి, బయటకు పోయినవి మార్చండి.

మన రెండు కంపెనీల సూచీతోనే చూద్దాం. పద్ధతి మారలేదు. సిమెంటు కంపెనీ ఉద్గారాలు 2 శాతం తగ్గించుకుని 39.2 లక్షల టన్నులకు వచ్చింది. సూచీ 102.5 నుంచి 100.5కి దిగింది. సిమెంటు షేరు లేచి కంపెనీ విలువ 10 శాతం పెరిగింది, మందులది పెరగలేదు. గుణకం 1.05తో సర్దాక సూచీ 96.2. లక్ష్యం 95.3 కాబట్టి సిమెంటు వాటా 50 నుంచి 49.5కి తగ్గించారు, సూచీ 95.26 దగ్గర నిలిచింది. మొత్తం తగ్గుదల 7.06 శాతం. ప్రకటనలో కనిపించేది ఈ ఒక్క అంకె. విడగొడితే అసలు కోత 1.95, విలువ పెరుగుదల 4.22, బరువు జరపడం 0.89. ఈ మూడు అంకెలు చూసిన మదుపరి, ఆ ఒక్క అంకె చూసిన మదుపరి ఒకే నిర్ణయం తీసుకోరు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. మెట్ల వరుస మారిస్తే వాటాలు కూడా మారతాయి. ముందు వెయిటేజి మార్చి తర్వాత ఉద్గారాలు మారిస్తే అసలు కోత వాటా కొంచెం వేరుగా వస్తుంది. ఒప్పుకుంటాను. పరిష్కారం కూడా కొత్తది కాదు. వరుసను నియమావళిలోనే ఖరారు చేయడం ఒక పద్ధతి, అన్ని వరుసల సగటు తీసుకోవడం ఇంకోటి. ఫండ్ల రాబడి ఏ నిర్ణయం వల్ల వచ్చిందో విడగొట్టేవారు ఏళ్ళుగా ఈ చిక్కుతోనే బతుకుతున్నారు, దాన్ని సాకుగా చూపి ఎవరూ ఆ పని మానలేదు.

రెండో అభ్యంతరం: అసలు కోత తక్కువని బయటపడితే ఈ సూచీల మీద నమ్మకం పోతుంది, డబ్బు మామూలు సూచీలకు తిరిగిపోతుంది. ఈ భయం నాకూ ఉంది. అయినా దాచిపెట్టిన అంకె మీద నిలబడ్డ నమ్మకం మొదటి గట్టి ప్రశ్నకే కూలుతుంది. పైగా ఈ పట్టిక వల్ల మంచి సూచీకి తన మంచి చూపించుకునే వీలు దొరుకుతుంది. ఇప్పుడు నిజంగా మారుతున్న కంపెనీలను ఏరి పట్టుకున్న సూచీకీ, ఖరీదైన మందుల షేర్లు నింపుకున్న సూచీకీ తేడా కనిపించే చోటే లేదు.

నియమావళిలో ఆ తేడాకు బీజం ఉంది కూడా. స్కోప్ 1, 2, 3 ఉద్గారాలను నిలకడగా, కచ్చితంగా ప్రకటిస్తూ, వరుసగా మూడేళ్ళు సగటున ఏటా 7 శాతం తీవ్రత తగ్గించుకున్న, లక్ష్యాలు పెట్టుకున్న కంపెనీలకు వెయిటేజి పెంచవచ్చని 2020/1818 అంటుంది. ‘పెంచవచ్చు’ అనే అంది, ‘పెంచాలి’ అనలేదు. అదే తప్పనిసరి అయి ఉంటే, బరువు జరపడం అన్న పని కూడా కంపెనీల మీద ఒత్తిడిగా మారేది.

బెంచ్‌మార్క్ ప్రకటనలో వెల్లడైన ఉద్గారాల శాతం ఎంత, అంచనా వేసినది ఎంత అని 2020/1816 ఇప్పటికే అడుగుతోంది. కానీ ఒకే గంపగుత్త శాతంగా. స్కోప్ 1లో 90 శాతం వెల్లడి, స్కోప్ 3లో 30 శాతం వెల్లడి అయితే ఆ రెండూ కలిసిపోయి వచ్చే అంకె ఎవరికీ పనికిరాదు. స్కోప్‌కు ఒక వరుస చొప్పున విడగొట్టడానికి అనుబంధంలో ఒక పంక్తి మారిస్తే సరిపోతుంది.

సమయం కూడా ఉంది. సూచీల మూలచట్టాన్ని 2025లో కుదించినప్పుడు, వాడకం 5,000 కోట్ల యూరోల గీత దాటని చాలా సూచీలను పరిధి నుంచి తప్పించారు. ఈ రెండు వాతావరణ ముద్రలను మాత్రం లోపలే ఉంచారు. 2025 నవంబరు 20న వచ్చిన ఎస్ఎఫ్‌డీఆర్ సవరణ ప్రతిపాదన, ఫండ్లను పరివర్తన, సుస్థిర అంటూ కొత్త వర్గాలుగా విడగొడుతూ ఈ సూచీలకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. ఐరోపా పార్లమెంటు, సభ్యదేశాల మండలి దాన్ని చర్చించేటప్పుడు ఒక షరతు చేర్చవచ్చు. ఈ సూచీల ఆధారంగా ఆ వర్గాల్లో చోటు అడిగే ప్రతి ఫండ్, తన సూచీ తాలూకు నాలుగు వరుసల పట్టికను వార్షిక నివేదికలో మొదటి పేజీలోనే, ఆ 7 శాతం అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయాలి.